ఇంటి యంత్రములు : కాలము మరచిన కంప్యూటరు



ఈ నెల మాకు చేరిన జాబులలో నర్సంపేటనుండి వచ్చిన దొకటి మమ్ము రెండు దినములు మరియొక పనికి పోనీయలేదు. వ్రాసిన సోదరి తన పేరు ప్రకటింపవలదని కోరినందున పేరు విడిచి సంగతి మాత్రము చెప్పుచున్నాము. ఇంటిలోని బల్లమీది కంప్యూటరు తప్పు తేదీ చూపుచున్నదట. ఇంతమాత్రమునకే పత్రికకు జాబు వ్రాయవలెనా యని కొందరు నవ్వవచ్చును. కాని ఆ తప్పు తేదీవలన ఆమెమీద నలుగురిలో దొంగతనపు నింద పడబోయినది.

ఆ సోదరి తమ వాడలోని పొదుపు సంఘమునకు పద్దులు వ్రాయుచుండును. సంఘమున పండ్రెండుగురు సభ్యురాండ్రు. వారిలో కొందరు ప్రత్తి ఏరబోవువారు, కొందరు మిరపతోటలలో కూలికి పోవువారు. ఒకామె కుట్టుమిషను త్రొక్కి బ్రతుకుచున్నది, వేరొకామె కిరాణా అంగడిలో కూర్చుండును. కుమారుని చదువునకై ఎవరో వాడి విడిచిన కంప్యూటరును మునుపు కొనిరట. కుమారుడు పైచదువులకు హైదరాబాదు పోయిన పిదప అది దుమ్ము పట్టి యుండుట చూచి, ఆమె తానే దానిని నడుపుట నేర్చుకొని, నెలనెల కట్టుబడులు, అప్పులు, వడ్డీలు అందు ఎక్కించుచు వచ్చినది. పెద్ద పరీక్షలేవియు ప్యాసుకాని గృహిణి ఇంత పని చేయుచున్నదన్న మాట విని మేము గర్వించితిమి.

వానకాలము వచ్చినది. ఉరుములు, మెరుపులు, మాటిమాటికి కరెంటు పోవుట. పిడుగుపాటునకు యంత్రము కాలిపోవునను భయముచే ఆమె రాత్రి పరుండబోవునపుడు గోడమీది స్విచ్చిని సయితము ఆర్పివేయసాగినది. నాటినుండి ప్రొద్దున కంప్యూటరును తెరచినప్పుడెల్ల మూలను 2012 జనవరి 1 అని కనబడుచుండెను. ఆమె ఓర్పుతో ప్రతిదినము చేతితోనే తేదీని దిద్దుకొనుచు వచ్చినది. శ్రావణ శుక్రవారము నాడు పూజ, పేరంటము, ఇంటినిండ చుట్టములు. ఆ తొందరలో దిద్దుట మరచినది. ఆనాడే పేరంటమునకు వచ్చిన సభ్యురాండ్రలో ఐదుగురు, ఎటులును వచ్చితిమి గదా యని తమ నెల కట్టుబడి ఆమె చేతికిచ్చిరి. ఆమె వెంటనే కంప్యూటరులో ఎక్కించి, వారివారి పాసుబుక్కులలో సంతకము చేసినది.

నెలాఖరున సంఘము కూడినది. ఆమె ఆ నెల పట్టీని తీయగా ఐదుగురి కట్టుబడులు అందు లేవు. పెట్టెలోని రొక్కము లెక్క పెట్టగా పట్టీకంటె ఎక్కువ యున్నది. ఎక్కువ యున్నచో మేలేగదా యనుకొనకుడు. లెక్కకు మించిన రొక్కము, తక్కువైన రొక్కమువలెనే, వ్రాసినవారి మెడకే చుట్టుకొనును. మిరపతోటకు పోవు సభ్యురాలొకతె లేచి, “నీ చేతులనే పెడితి గద అక్కా! మిషన్ల లేకపోతే నా పైసలు ఏడ వాయె?” అని అడిగినదట. ఆ మాట తనకు ములుకువలె నాటినదని సోదరి వ్రాసినది. అడిగినామె తప్పు ఇందేమియు లేదని మా అభిప్రాయము. దినమంతయు ఎండలో వంగి సంపాదించిన పైకము గూర్చి అడుగుటకు ఆమెకు హక్కు కలదు.

పాసుబుక్కులు తెప్పించిరి. నలుగురివానిలో తేదీయు సంతకమును చక్కగా ఉన్నవి. ఐదవ దానిమీద ఇంటికప్పు కారి సిరా చెదరిపోయినది. అది ఎవరిదో చెప్పనేల, ఆ అడిగినామెదే. ఆ రాత్రి సోదరి నిద్రపోలేదు. తెల్లవారుజామున పట్టీని పైకి, ఇంకను పైకి జరుపుచు పోగా, మొట్టమొదట, సంఘము పుట్టుటకు పూర్వమే, 2012 జనవరి 1 క్రింద ఐదు కట్టుబడులును వరుసగా కూర్చుండియున్నవి! ఆమె వ్రాయునపుడు యంత్రము తనకు తోచిన తేదీనే వానికి తగిలించి, తేదీల వరుసలో మొదటికి పంపివేసినది.

నింద తొలగినది. యంత్రపు జబ్బు తొలగలేదు. ఒక అంగడివానికి చూపగా “మదర్‌బోర్డు పోయినది, ఇది పనికిరాదు, మరియొకటి కొనుడు” అని వేలరూపాయల మాట చెప్పినాడట. బ్యాంకు పుటయు తెరచుకొనుటలేదు, “ఇది సురక్షితము కాదు” అను హెచ్చరికయే వచ్చుచున్నది. కంప్యూటరునకు గాలి సోకినదని కొందరు, ఆడవారు ముట్టుకొన్నందున చెడినదని ఇంటిలోని పెద్దలొకరు అన్నారట. ఇది నిజమా, తాను చేసికొనదగిన వైద్యమేమైన కలదా యని ఆమె మమ్ము అడిగినది. ఆడవారి చేయి సోకి చెడు యంత్రమును మేమింతవరకు చూడలేదు. తక్కిన ప్రశ్నకు మేము విచారించి తెలిసికొన్నది వ్రాయుచున్నాము.

కంప్యూటరులో గడియారములు రెండు కలవు. మనము తెరమీద చూచునది యంత్రము మేలుకొని యున్నంతవరకు నడచునది. రెండవది లోపలి పలకమీద, అనగా మదర్‌బోర్డుమీద, ఒక మూలనుండు మిక్కిలి చిన్న గడియారము. యంత్రము నిద్రించునపుడు ఇది ఒక్కటియే మేలుకొని కాలమును లెక్కించుచుండును. ఉదయము పెద్ద గడియారము లేచి, ఎంత ప్రొద్దెక్కినదని ఈ చిన్నదానినే అడిగి తెలిసికొనును. చిన్నది ఏమి చెప్పిన అదియే దానికి వేదము.

ఆ చిన్న గడియారములో స్ఫటికపు తునక యొకటి సెకనునకు 32,768 మారులు కంపించును. ఈ వింత సంఖ్య ఏలయన, దానిని పదునైదు మారులు సగముసగముగా చేసికొనుచు పోయినచో సరిగా ఒకటి మిగులును. ఆ ఒకటియే సెకను. మన చేతిగడియారములలో నున్నదియు ఇట్టి తునకయే. దినమునకు ఒకటి రెండు సెకనులు ముందువెనుకలగుట దానికి సహజము, అది జబ్బుకాదు.

రాత్రియంతయు మేలుకొనువారికి ఆహారము కావలెను గదా. చిన్న గడియారమునకు ఆహారము రూపాయి బిళ్ళంత యుండు ఒక సెల్లు. పూర్వము మన అమ్మమ్మలు రాత్రి పొయ్యి ఆర్పునపుడు ఒక నిప్పుకణికను నివురులో కప్పియుంచి, తెల్లవారి దానినే ఊది మంట చేసికొనెడివారు. ఈ బిళ్ళసెల్లు అట్టి కణిక. నివురు క్రింద కణిక చల్లారినచో తెల్లవారి ప్రక్కయింటికి నిప్పునకు పోవలసివచ్చెడిది. సెల్లు చల్లారినచో గడియారమునకు తేదీ అడుగుటకు ప్రక్కయిల్లు లేదు గనుక, తనను చేసినవారు మొదట వ్రాసియుంచిన తేదీనే చెప్పును. ఆ సోదరి యంత్రమునకు అది 2012 జనవరి 1. వేరొక యంత్రమునకు వేరొకటి కావచ్చును.

మొదటినుండియు కంప్యూటరులకు ఈ కణిక లేదు. 1981 లో ఐ.బి.యం. వారు బల్లమీది చిన్న కంప్యూటరును విక్రయింప మొదలిడినపుడు అందు బ్యాటరీ గడియారము ఉండెడిది కాదు. తెరచినప్పుడెల్ల నేడు తేదీ యేమి, గంట యెంత యని అది యజమానునే అడిగెడిది. 1984 లో వచ్చిన వారి మరియొక యంత్రమునుండి సెల్లుతో నడచు గడియారము లోపలనే చేరినది. నర్సంపేట సోదరి ప్రతిదినము చేతితో దిద్దుకొనుట చూడగా ఆమె తెలియకయే 1981 నాటి పద్ధతికి పోయినదని మాకు తోచినది.

మరి జబ్బు వానకాలముననే ఏల బయటపడినది? ఇచటనే పలువురు పొరబడుచున్నారు. గోడ స్విచ్చి వేసియున్నంతవరకు, కంప్యూటరును ఆర్పియుంచినను, లోనికి కొంచెము విద్యుత్తు పారుచునే యుండును. చిన్న గడియారము దానినే త్రాగుచు సెల్లు జోలికి పోదు. కావున సెల్లు ఎన్నడో చచ్చియున్నను ఎవరికిని తెలియలేదు. స్విచ్చి ఆర్పిన రాత్రియే గుట్టు బయటపడినది. స్విచ్చి ఆర్పుటవలన యంత్రము చెడలేదు. ఉరుముల వేళ స్విచ్చి ఆర్పి, ప్లగ్గును కూడ ఊడదీయుట మంచిదే. ఆ అలవాటు మానవలదని మేము ఆమెకు ప్రత్యేకముగా వ్రాసితిమి.

సెల్లు చచ్చినదో లేదో పరీక్షించుటకు ఖర్చులేదు. మబ్బులేని దినమున తేదీ సరిచేసి, కంప్యూటరును మాత్రము ఆర్పి, గోడ స్విచ్చిని వేసియే యుంచుడు. ఉదయము తేదీ సరిగానున్నచో మరునాటి రాత్రి గోడ స్విచ్చి కూడ ఆర్పి చూడుడు. ఈ మారు తేదీ తప్పినచో దోషము సెల్లుదే. రెండు దినములును సరిగానే యుండి, గంట మాత్రము తప్పుచున్నచో జబ్బు వేరు. గంట ఎంత తప్పినదో చూచిన జబ్బు చాలవరకు తెలియును. సరిగా 12 గంటల భేదమైనచో పగలు రాత్రిగా వ్రాసితిరన్నమాట. 12 గంటల 30 నిమిషములో, 13 గంటల 30 నిమిషములో వెనుకబడినచో యంత్రము తాను అమెరికా పడమటితీరమున నున్నట్లు భావించుచున్నది. సరిగా 5 గంటల 30 నిమిషముల భేదమైనచో, ఒకే పెట్టెలో విండోసును లైనక్సును రెండును పెట్టుకొన్నారేమో విచారింపుడు. చిన్న గడియారమునందు ఒకటి మన కాలమును, రెండవది గ్రీనిచ్ కాలమును ఉంచుచు, ఇద్దరు తోడికోడండ్రు ఒకే ఉప్పుజాడీని చెరియొక చోట పెట్టుచు వెదకుకొన్నట్లు, ఒకరు దిద్దినదానిని మరియొకరు చెరుపుచుందురు.

5 గంటల 30 నిమిషములన్న లెక్క ఎచటిదని మా పాఠకురాండ్రు అడుగవచ్చును. భూమి ఒక అంశము తిరుగుటకు 4 నిమిషములు పట్టును. 82½ అంశముల తూర్పురేఖను ఆధారము చేసికొని గ్రీనిచ్చికంటె 5 గంటల 30 నిమిషములు ముందుగా భారతదేశ కాలమును 1906 జనవరి 1 నుండి ఏర్పరచిరి. అంతకుముందు రైళ్ళు మదరాసు కాలమును బట్టి నడచెడివి. కలకత్తావారు 1948 వరకును, బొంబాయివారు 1955 వరకును తమ కాలమును వేరుగా ఉంచుకొనిరి. నర్సంపేట 80 అంశములకు కొంచెము పడమటనున్నది గనుక అచట సూర్యుడు నడినెత్తికి వచ్చుటకు ఆ రేఖమీది ఊళ్ళకంటె పది నిమిషములు ఎక్కువ పట్టును. హైదరాబాదు ఇంకను పడమట నుండుటచే అచటికంటె నర్సంపేటలో ఐదారు నిమిషములు ముందే ప్రొద్దు నడినెత్తికెక్కును. హైదరాబాదునకు గణించిన పంచాంగమును చూచి నర్సంపేటలో ముహూర్తము పెట్టు పురోహితులు ఈ భేదమును ఎరుగుదురు. కంప్యూటరు ఎరుగదు. దానికి దేశమంతయు ఒకటే గంట.

ఇక వైద్యము. ఇది పురుషుల పనియని ఎవరైన అన్నచో వినవలదు. కుట్టుమిషను బాబిను మార్చగల చేతికి ఇది అసాధ్యము కాదు. కాని బల్లమీది పెట్టె కంప్యూటరు సంగతియే మేము చెప్పుచున్నాము. మడతపెట్టు ల్యాప్‌టాపులలో సెల్లు ఒక్కొక్కదానిలో ఒక్కొక్క రీతిగా నుండును, వానిని తెలిసినవారికే చూపుట మేలు.

మొదట కంప్యూటరును క్రమముగా ఆర్పి, గోడ స్విచ్చి ఆర్పి, ప్లగ్గు ఊడదీయుడు. యు.పి.యస్. పెట్టె యున్నచో దానినుండియు తీగ తీసివేయవలెను. ఏలయన గోడలో కరెంటు లేకున్నను దానిలో ఉండును. పిమ్మట కంప్యూటరు మీట నొకమారు కొన్ని సెకనులు నొక్కిపట్టినచో లోపల మిగిలిన విద్యుత్తు కారిపోవును. చేతులు కడిగి పొడిగా తుడుచుకొనుడు. పట్టుచీర కట్టుకొనియో, తివాచీమీద నిలుచుండియో ఈ పని చేయరాదు. మన ఒంటిలో పుట్టు చిన్న విద్యుత్తు లోపలి సున్నితపు భాగములను చెరుపగలదు. పెట్టె యొక్క రంగులేని ఇనుపభాగమును ఒకమారు తాకి పని మొదలిడినచో ఆ భయము తగ్గును. గాజులును, వ్రేలాడు గొలుసులును కొంచెము పైకి త్రోసికొనుడు.

పెట్టెను ప్రక్కకు పరుండబెట్టినచో వెనుక అంచున రెండు స్క్రూలు కనబడును. అవి విప్పి పలకను వెనుకకు జరిపినచో ఊడివచ్చును. తీసిన స్క్రూలను ఒక గిన్నెలో వేసికొనుడు. లోపల ఆకుపచ్చనో నల్లనో యుండు పెద్దపలకమీద వెండిబిళ్ళవలె మెరయుచు ఒకటే యుండును. అదియే సెల్లు. దానిని తీయకముందు సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీసికొనుట మరువకుడు. చాల యంత్రములలో కూడిక గుర్తు గల ముఖము పైకి ఉండును. ప్రక్కనున్న చిన్న కొక్కెమును వ్రేలితోనో చెక్కపుల్లతోనో మెల్లగా వెలుపలికి నొక్కిన బిళ్ళ తానే పైకి లేచును. ఇనుప స్క్రూడ్రైవరుతో పెల్లగింపవలదు. అది జారి పలకను గీచినచో అంగడివాడు చెప్పిన మాట అప్పుడు నిజమగును.

సెల్లుమీద సి.ఆర్. 2032 అని యుండును. ఇందు 20 అనునది వెడల్పు మిల్లీమీటర్లలో, 32 అనునది మందము, అనగా 3.2 మిల్లీమీటర్లు. ఇది 3 వోల్టుల సెల్లు. గడియారములు బాగుచేయువారివద్దను, కరెంటు సామానుల అంగళ్ళలోను దొరకును. వెల కొన్ని పదుల రూపాయలు మాత్రమే. 2025, 2016 అను సంఖ్యలు గలవి చూపునకు ఇంచుమించు అట్లే యుండును గాని పలుచనివి, వదులుగా కూర్చుండును. కావున పాత సెల్లును వెంట తీసికొనిపోయి సంఖ్య చూపి అడుగుడు. క్రొత్తదానిని అంచులు పట్టుకొని, వెనుకటి ముఖమే పైకి వచ్చునట్లు పెట్టి నొక్కిన టిక్కుమని కూర్చుండును.

ఇచట ఒకమారు ఆగవలెను. తల్లులు ఈ మాటను ఇతర విషయములన్నిటికంటె శ్రద్ధగా చదువవలెనని మా ప్రార్థన. ఈ బిళ్ళసెల్లు చిన్నబిడ్డలకు ప్రాణాంతకము. మెరయు వస్తువని నోట పెట్టుకొని మ్రింగినచో అది అన్ననాళమున చిక్కుకొని, తడి తగిలి విద్యుత్తు పారి, రెండు గంటలలోనే లోపలి కండను కాల్చివేయగలదు. యంత్రమునకు పనికిరాని పాతసెల్లులో సయితము బిడ్డను కాల్చుటకు చాలినంత సత్తువ మిగిలియుండును. బిడ్డ మ్రింగినదను అనుమానము కలిగినను వాంతి చేయింపవలదు, అరటిపండు మ్రింగింప చూడవలదు, మలములో పడిపోవునని మరునాటివరకు వేచియుండవలదు. తత్‌క్షణమే ఎక్స్‌రే గల ఆసుపత్రికి పోవలెను. ముక్కులోనో చెవిలోనో పెట్టుకొన్నను ఇంతే. కావున పాతసెల్లును తీసిన వెంటనే రెండు ముఖములను అంటించుపట్టీతో చుట్టి, పిల్లలకందని చోట పెట్టి, పాత సెల్లులు తీసికొను అంగడిలో ఇచ్చివేయుడు. బల్లమీద పెట్టి తరువాత చూతమనుకొనుట మాత్రము వలదు. క్రొత్త సెల్లు పొట్లమును కూడ కంప్యూటరును విప్పిన పిమ్మటనే తెరువుడు.

పలక మూసి, స్క్రూలు బిగించి, ప్లగ్గు పెట్టి కంప్యూటరును తెరచినచో మొదట నల్లని తెరమీద ఏదో హెచ్చరిక వచ్చి, ఎఫ్ 1 మీట నొక్కుమని అడుగవచ్చును. జడియవలదు. కణిక చల్లారినందున తాను జ్ఞప్తియందుంచుకొన్నవి మరచితినని అది చెప్పుచున్నది. తెరచిన వెంటనే డిలీట్ మీటనో ఎఫ్ 2 మీటనో మాటిమాటికి నొక్కినచో యంత్రపు మూలపు పట్టీ తెరచుకొనును. ఏ మీటయో మొదటి తెరమీద ఒక్క క్షణము వ్రాసి చూపును. అందు తేదీని, గంటను దిద్ది, ఎఫ్ 10 నొక్కి భద్రపరచవలెను. కొన్ని యంత్రములందు తేదీలో నెల ముందును దినము వెనుకను ఉండును, చూచి వ్రాయుడు. తెలియని ఇతర విషయములను అచట ముట్టవలదు.

తరువాత విండోసు తెరచుకొనును. క్రింది మూలనున్న గడియారముమీద కుడిమీట నొక్కినచో తేదీని, గంటను సరిచేయు పట్టీ వచ్చును. అందు మొదట చూడవలసినది ఏ దేశపు కాలమో. మనకు కావలసిన వరుసలో చెన్నై, కోల్‌కతా, ముంబయి, న్యూఢిల్లీ యని నాలుగూళ్ళ పేర్లుండును. హైదరాబాదు పేరు అందులేదు. దానికై వెదకుచు కాలము పోగొట్టుకొనవలదు. పిమ్మట గంటను తానే పెట్టుకొనవలెనను స్విచ్చిని వేసి, వెంటనే సరిచూచుకొనుమను మీట నొక్కినచో ఇంటర్నెట్టుద్వారా ఎచటనో యున్న గడియారమును అడిగి సెకనులతోగూడ సరిపుచ్చుకొనును.

ఇట్లు దూరపు గడియారమును అడుగు పద్ధతిని అమెరికా దేశమున డేవిడ్ మిల్స్ అను ప్రాజ్ఞుడు కల్పించెను. దాని మొదటి లిఖితము 1985 నాటిది. చూపు మందగించినను పనివిడువక, ఆయన 2024 జనవరిలో కాలధర్మము చెందెను. అడిగిన ప్రశ్న పోవుటకును, ఉత్తరువు వచ్చుటకును పట్టిన కాలమును కూడ లెక్కించి తీసివేయుట ఇందలి నేర్పు. మన దేశమున సరియైన కాలమును కాపాడువారు న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలవారు. అచట సీసియమను లోహపు అణువులతో నడచు గడియారములు కలవు. సంస్థలన్నియు తమ కంప్యూటరుల గంటను ఆ ప్రయోగశాల గడియారముతోనో, జాతీయ సమాచార కేంద్రపు గడియారముతోనో కలుపుకొనవలెనని 2022 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వపు సంస్థ యొకటి ఉత్తరువు కూడ చేసినది.

అంత సులభమైనచో సెల్లు మార్చనేల, ప్రతి ఉదయము ఇంటర్నెట్టునే అడుగనిచ్చిన చాలదా యందురు. చాలదు. తేదీ సంవత్సరములకొలది వెనుకబడినపుడు, ఇంత భేదము ఉండునా యని అనుమానించి విండోసు పలుమారులు తానుగా దిద్దుకొనదు. మొదట మన చేతితో దరిదాపునకు తేవలసియుండును. నర్సంపేట సోదరి యింట జరిగిన దిదియే. పైగా ఇంటర్నెట్టు రాని దినమున వ్రాసిన పద్దుల గతి యేమి?

బ్యాంకు పుట తెరచుకొనకుండుటయు ఈ జబ్బులోనిదే. బ్యాంకువారి కంప్యూటరు, తాము నిజముగా ఆ బ్యాంకే యని ఒక ధ్రువపత్రమును మనకు చూపును. ఆ పత్రముమీద ఏ తేదీనుండి ఏ తేదీవరకు చెల్లునో వ్రాసియుండును. తాను 2012 లో ఉన్నాననుకొను కంప్యూటరునకు నేటి పత్రము చూపినచో, ఇంకను పుట్టని బిడ్డ తన పెండ్లి శుభలేఖను తెచ్చి యిచ్చినట్లుండును. అది నమ్మక తలుపు మూయును. అట్టి హెచ్చరిక వచ్చినపుడు మొదట గడియారమును చూడుడు. గడియారము సరిగానే యుండి హెచ్చరిక వచ్చినచో, లోనికి పోవలదు. దానిని త్రోసివేసి ముందుకు పొమ్ము అని ఎవరైన చెప్పినను వినవలదు, అచట నిజముగా మోసము ఉండవచ్చును.

ఒక చిన్నవస్తువు గడియారమును ఆపి స్త్రీ బ్రతుకును తారుమారు చేయుట మన దేశమున క్రొత్త కథ కాదు. భాస్కరాచార్యులు 1150 ప్రాంతమున రచించిన లీలావతి గణితమును 1587 లో ఫైజీ యనునతడు పారసీకమునకు మార్చుచు ఒక ఐతిహ్యమును వ్రాసెను. ఆచార్యులు కూతురి పెండ్లి ముహూర్తమును సరిగా పట్టుటకు నీటిలో గడియకుడుకను తేలవేసిరట. అడుగున సన్నని రంధ్రముండు ఆ గిన్నె, నీరు నిండి మునిగినప్పుడు ఒక గడియ, అనగా 24 నిమిషములు, గడచినట్లు. పెండ్లికూతురు వేడుకతో వంగి చూచుచుండగా ఆమె అలంకారములోని ముత్యమొకటి రాలి కుడుకలో పడి రంధ్రమును మూసినది. కుడుక మునుగలేదు, ముహూర్తము దాటిపోయినది, పెండ్లి ఆగినది. ఇది జరిగినదో లేదో ఎవరు చెప్పగలరు? మాకు మాత్రము ఈ కథ చదివినప్పుడెల్ల, కుడుకను కనిపెట్టుచు కూర్చుండవలసిన పెద్దలందరు ఎచటికి పోయిరో యను సందేహము కలుగుచుండును.

ఇక పద్దుల సంగతి. ఇది సెల్లుకంటె ముఖ్యము. తేదీ యనునది సాక్షి. హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడు శాసనమున శకము 1084 అని చెక్కించెను. ఎనిమిదివందల యేండ్లు దాటినను ఆ లెక్కతోనే ఆ గుడి కాలమును నిర్ణయించుచున్నాము. రాతిమీది తేదీ కరెంటు పోయినను మారదు. సంఘపు పద్దులకు రాయి అక్కరలేదు గాని కాగితము కావలెను. పైకము పుచ్చుకొన్న వెంటనే, యంత్రమునందు ఎక్కించుటకు ముందే, ఒక నోటుబుక్కులో తేదీ, పేరు, మొత్తము వ్రాసి, ఇచ్చినవారిచేత సంతకమో వ్రేలిముద్రయో వేయించుకొనుడు. కంప్యూటరులో వ్రాయునపుడు యంత్రము పెట్టు తేదీకి ప్రక్కన మీరు చూచి మీ చేతితో పెట్టు తేదీకి వేరొక గడి ఉంచుకొనుడు. రెండును కలియని దినమున జబ్బు వెంటనే తెలియును.

తప్పు తేదీ పడిన ఆ ఐదు పద్దులను తుడిచివేసి మరల వ్రాయనా యని సోదరి అడిగినది. తుడువవలదని వ్రాసితిమి. తుడిచిన పద్దుకంటె తప్పు పద్దు మేలు. వానిని అట్లే యుంచి, ప్రక్కన “గడియారపు దోషముచే తేదీ తప్పినది” అని వ్రాసి, సరియైన శ్రావణ శుక్రవారపు తేదీతో ఐదింటిని క్రింద మరల ఎక్కించి, మొత్తము రెండుమారులు కూడకుండ పాతవానిని రద్దుపరచి, ఆ కాగితమును అచ్చుతీసి తదుపరి సమావేశమున పండ్రెండుగురిచేతను సంతకములు చేయించుమని చెప్పితిమి.

మొన్న ఆమెయొద్దనుండి మరల జాబు వచ్చినది. సెల్లు మార్చినదట. మొదటిమారు తలక్రిందుగా పెట్టి, ఫొటో చూచి సరిదిద్దుకొన్నదట. రాత్రి ప్లగ్గు ఊడదీసి ఉదయము తెరువగా తేదీ సరిగానున్నది, బ్యాంకు పుటయు తెరచుకొన్నది. సమావేశమున మొదటి సంతకము చేసినది ఆ మిరపతోటకు పోవు సభ్యురాలే. ఆమె పాసుబుక్కు తడిసినందున సంఘమువారు క్రొత్తది ఇచ్చి, పాత లెక్కలన్నియు అందు ఎక్కించిరి. దానికి ప్లాస్టిక్ తొడుగు ఒకటి కుట్టుమిషను త్రొక్కు సభ్యురాలు కుట్టి యిచ్చినదట, మిగిలిన పదునొకండుగురును తమకును కావలెనని అడుగుచున్నారట.